కాయ వేరు, వైరస్ వేరు: జననాంగాల పులిపిర్ల గురించి

(ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, మందుల షాపుల ఫార్మసిస్టుల శిక్షణ సమావేశంలో ఒక చర్మ, సుఖవ్యాధుల నిపుణుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు కూర్చున్నారు. వెనక వరసల్లో మందుల షాపుల వాళ్లున్నారు. ఈ జబ్బు వరకూ ఆ వరసలు తిరగేసి కూర్చోవాలి. ఎందుకంటే కింద పులిపిరి కాయ లేచిన మనిషి మొదట వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, మందుల షాపుకి. కౌంటరు దగ్గర జనం పల్చబడేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి, "పులిపిరికి ఆయింట్‌మెంట్ ఏమైనా ఉందా అన్నా" అంటాడు. ఎక్కడ లేచిందో చెప్పడు. మీరూ అడగరు. చేతిదో కాలిదో అనుకుని సాలిసిలిక్ యాసిడ్ సీసా ఇస్తారు. అరికాలి మందం చర్మానికి చేసిన మందు అది. పల్చటి చోట పూసుకుంటే రెండు రోజుల్లో పుండు పడుతుంది. ఆ పుండు చూసి ఇంకెవరో స్టెరాయిడ్ కలిపిన క్రీము ఇస్తారు. అదేమో అక్కడి రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, కాయలు ఇంకా పెరుగుతాయి. కాబట్టి "పులిపిరి ఎక్కడ?" అని ఒక్క మాట అడగండి. నలుగురూ ఉంటే పక్కకి పిలిచి అడగండి.

ఈ పూట నేను చెప్పేదంతా ఒక ముక్క చుట్టూనే తిరుగుతుంది. కాయ వేరు, వైరస్ వేరు. మనం కాల్చేదీ కోసేదీ ఎండగట్టేదీ కాయని. వైరస్ చర్మం లోపల ఉంటుంది. దాన్ని వెతికి చంపే మందు లేదు. దాన్ని అణిచేది మన ఒంట్లోని శక్తే. ఈ రెంటినీ ఒకటిగా చూడబట్టే కాయ మళ్లీ వస్తే డాక్టరుకి చేతకాలేదంటారు, పెళ్లయిన పదేళ్లకి కనబడితే మోసమంటారు, టీకా వేస్తే ఉన్న కాయ రాలిపోతుందనుకుంటారు. మూడూ తప్పే.

వైరస్ పేరు హ్యూమన్ పాపిల్లోమా వైరస్, క్లుప్తంగా హెచ్‌పీవీ. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. వాటికి పేర్లు లేవు, నంబర్లే. జననాంగాల దగ్గర లేచే కాయల్లో సుమారు 90 శాతం 6, 11 నంబర్లవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి కారణం 16, 18 నంబర్లు. ఈ లెక్కలు తేల్చడంలో జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందానిది పెద్ద పాత్ర. 16, 18 నంబర్లను వాళ్లు 1983-84లో క్యాన్సర్ ముక్కల్లోంచి పట్టుకున్నారు. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. మీకు దీనితో పనేమిటంటే, కాయ చూసుకోగానే ప్రతివాళ్లూ అడిగేది "క్యాన్సరా?" అనే. కాయ లేపే నంబర్లు వేరు, క్యాన్సర్ తెచ్చే నంబర్లు వేరు అని మీరు గట్టిగా చెప్పొచ్చు. ఒకే మనిషిలో రెండు మూడు నంబర్లు ఉండొచ్చు కనక, 30 దాటిన ఆడవాళ్లు అందరిలాగే గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. కాయలున్నాయి కదా అని మరీ తరచుగా చేయించనక్కర్లేదు.

అంటుకునేది చర్మానికి చర్మం తగలడం వల్ల, ప్రధానంగా లైంగిక సంబంధంలో. రాపిడికి చర్మం మీద కంటికి ఆనని చిరుగులు పడతాయి. వైరస్ వాటిలోంచి దిగి అడుగు పొరలో కూర్చుంటుంది. అప్పుడే కాయ లేవదు. మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఎనిమిది నెలలు, కొందరిలో ఇంకా ఎక్కువ. ఇంకా చాలామందిలో అసలు కాయే లేవదు. వైరస్ వచ్చినట్టే తెలియకుండా ఏడాది, రెండేళ్లలో శరీరం అణిచేస్తుంది. ఇవాళ కాయ కనబడింది కాబట్టి మొన్నటి తప్పు అని తేల్చడానికి వీల్లేదని అందుకే అంటున్నాం. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పరీక్ష కూడా లేదు. దంపతుల పంచాయితీలో డాక్టరుని సాక్షిగా పిలిస్తే ఆయన చెప్పగలిగింది ఇంతే.

ఇక కాయ ఎలా ఉంటుంది? తడి చోట, అంటే ముందోలు కింద, యోని ముఖం దగ్గర, మలద్వారం చుట్టూ, మెత్తగా, గులాబీ రంగులో, కోడిజుట్టు పువ్వులా మడతలు మడతలుగా లేస్తుంది. పొడి చోట, అంటే లింగం కాండం మీద, గజ్జల్లో, వెంట్రుకల మధ్య, గరుకుగా, గోధుమరంగులో, చదునుగా ఉంటుంది. నొప్పి ఉండదు. కొంచెం దురద, ఒరిపిడికి కాస్త నెత్తురు. నొప్పి లేకపోవడమే దీనికున్న గడుసుదనం, మనిషి నెలల తరబడి వాయిదా వేస్తాడు.

కాయ కానివాటిని కాయ అనుకోవడం ఇంకో పెద్ద బెడద. లింగం తల అంచున, చుట్టూ వరసగా, ఒకే సైజులో, ముత్యాలు గుచ్చినట్టు చిన్న చిన్న గుబ్బలు కొందరు మగవాళ్లకి సహజంగానే ఉంటాయి. అది జబ్బు కాదు. ఇంటర్నెట్‌లో బొమ్మలు చూసి కుర్రాళ్లు వాటిని బ్లేడుతో గీక్కుంటారు. ఆడవాళ్లలోనూ యోని ముఖం లోపలి అంచున రెండు పక్కలా సమంగా చిన్న మెత్తటి మొనలు ఉంటాయి. గుర్తు ఏమిటంటే, ఆ మొనల్లో ప్రతిదానికీ విడి మొదలు ఉంటుంది. పులిపిరిలో ఒకే మొదలు నుంచి చాలా మొనలు లేస్తాయి. నున్నగా మెరుస్తూ, నడుమ బొడ్డులా గుంట ఉంటే అది మొలస్కం, వేరే వైరస్. చర్మం కింద పసుపు చుక్కల్లా కనబడేవి నూనె గ్రంథులు, వాటినేమీ చెయ్యొద్దు.

వీటన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సిఫిలిస్‌తో, మన పెద్దవాళ్లు సవాయి అనేదానితో. రెండో దశలో మలద్వారం దగ్గర, యోని పెదవుల మీద చదునైన, తడిసిన, బూడిదరంగు దిమ్మెలు లేస్తాయి. చూడ్డానికి పులిపిర్లే. వీటిని కాల్చి పంపిస్తే పైకి తగ్గినట్టుంటుంది, జబ్బు ఒంట్లో లోలోపల నడుస్తూనే ఉంటుంది. గర్భిణిలో అయితే బిడ్డకీ చేరుతుంది. కాబట్టి కాయలతో వచ్చిన ప్రతి ఒక్కరికీ సిఫిలిస్‌ని పట్టే వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ రక్తపరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష చేయించాలి. సిఫిలిస్ తొలి దశలని తేలితే 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ కండరంలోకి ఒక్కసారి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌ల్లో, హెచ్‌ఐవీ సలహా, పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ఎక్కడుందో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 కి ఫోన్ చేస్తే చెబుతారు, డబ్బు పడదు. పులిపిరి కోసం హెచ్‌పీవీ రక్తపరీక్ష రాయించుకుని ఎవరైనా వస్తే చీటీ పక్కన పెట్టమనండి. కాయని కంటితో చూసి చెబుతారు, పరీక్షతో కాదు. గట్టిగా, నల్లగా ఉన్నా, పుండు పడినా, నెత్తురు కారుతున్నా, మందుకి లొంగకపోయినా, హెచ్‌ఐవీ ఉన్నా ముక్క తీసి పరీక్షకు పంపాలా అన్నది డాక్టరు చూస్తారు.

మలద్వారం దగ్గరి కాయల్ని మొలలనుకోవడం మామూలే. మొలలకి వైద్యమని గోడల మీద బోర్డులు పెట్టేవాళ్ల దగ్గర దారాలు కట్టించుకుని, ఏవో ఇంజెక్షన్లు పొడిపించుకుని, చివరికి మన దగ్గరికి వస్తారు. మొల నున్నగా ఉంటుంది, ముక్కినప్పుడు బయటికి వస్తుంది. పులిపిరి గరుకుగా, మడతలుగా ఉంటుంది, వచ్చిపోవడం ఉండదు. ఇంకో సంగతి. అక్కడ కాయలున్నాయని ఆ మనిషి అలవాట్ల గురించి ఊహలు చేయొద్దు. ఆ మార్గంలో సంబంధం లేనివాళ్లకీ అక్కడ లేస్తాయి.

ఇప్పుడు ఇంటి వైద్యాలు. సున్నంలో చాకలి సోడా కలిపి పెట్టడం, జిల్లేడు పాలు, జీడిగింజ రసం, అగరుబత్తితో చురక. సున్నం, సోడా తడిలో కలిస్తే ఘాటైన క్షారం తయారవుతుంది. అది కాయ దగ్గర ఆగదు, పక్క చర్మంలోకి తిన్నగా దిగుతుంది. జీడి రసం పడ్డచోట నీటిబుగ్గలు లేచి, ఎలర్జీ తొడల దాకా పాకుతుంది. చేతి మీద పులిపిరి వీటితో ఊడితే ఊడవచ్చు, మచ్చ మిగులుతుంది. ముందోలు మీద మచ్చ పడితే అది బిగుసుకుని వెనక్కి రాదు. అలాంటివాళ్లకి కాయకి కాదు, మచ్చకి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది.

సరైన వైద్యం రెండు రకాలు. ఇంట్లో పూసుకునేది, ఆసుపత్రిలో చేసేది.

ఇంట్లో పూసుకునేవాటిలో పోడోఫిల్లోటాక్సిన్ 0.5 శాతం ద్రావణం ఒకటి. ఫార్మసిస్టులు దీన్ని చీటీ లేకుండా ఇవ్వొద్దు, చీటీ ఉంటే వాడే తీరు చెప్పకుండా ఇవ్వొద్దు. తీరు ఇది. స్నానం చేసి, ఆ చోటు పూర్తిగా ఆరాక, అద్దం పెట్టుకుని, పుల్లకి చుట్టిన దూదితో కాయ మీద మాత్రమే తాకించాలి. ఆరేదాకా కాళ్లు ఎడంగా పెట్టుకు కూర్చోవాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, 3 రోజులు. తర్వాత 4 రోజులు ఏమీ పూయకూడదు. ఇది ఒక విడత. కాయ మిగిలితే ఇలా 4 విడతల దాకా. మొత్తం పూసే మేర 10 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు, అంటే రెండు పది రూపాయల బిళ్లలంత కూడా ఉండకూడదు. రోజుకు అర మిల్లీలీటరు మించకూడదు. చాలామంది తప్పేది ఆ 4 రోజుల సెలవు దగ్గర. "మందు బాగా పనిచేస్తోంది, ఆపడం ఎందుకు" అని వారమంతా పూసేస్తారు. ఇది కణాల విభజనని ఆపే మందు. కాయ కణాల్నీ ఆపుతుంది, మంచి కణాల్నీ ఆపుతుంది. ఆ సెలవు చుట్టూ ఉన్న చర్మం కోలుకోవడానికి. యోని లోపల, మలద్వారం లోపల, మూత్రం వచ్చే రంధ్రంలో పూయకూడదు. గర్భిణులకు అసలే కూడదు.

పాత ఆసుపత్రుల బీరువాల్లో పోడోఫిల్లిన్ 20 శాతం ముదురు గోధుమరంగు టింక్చర్ ఇప్పటికీ ఉంటుంది. హిమాలయాల్లో పెరిగే పోడోఫిల్లమ్ మొక్క వేరు జిగురు అది. ప్రతి సీసాలో బలం ఒకలా ఉండదు. డాక్టరు పూసి, కొద్ది గంటల్లో కడిగించేది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లనివ్వొద్దు. ఎక్కువ మేర పూస్తే ఒంట్లోకి ఇంకి నరాలకీ ఎముకమూలుగకీ దెబ్బ.

రెండోది ఇమిక్విమోడ్ 5 శాతం క్రీము, 250 మిల్లీగ్రాముల పొట్లాల్లో వస్తుంది. ఇది కాయని కాల్చదు, ఆ చోట రోగనిరోధక కణాల్ని తట్టి లేపుతుంది. పోడోఫిల్లోటాక్సిన్ కాయ మీద పనిచేస్తే, ఇది కాస్త వైరస్ వైపు పనిచేస్తుంది. అందుకే నెమ్మది. వారంలో మూడు రాత్రులు, సోమ, బుధ, శుక్ర అనుకోండి, పల్చగా రాసి కనబడకుండా పోయేదాకా రుద్ది, 6 నుంచి 10 గంటల తర్వాత సబ్బుతో కడగాలి. 16 వారాల దాకా. రెండో మూడో వారంలో ఎర్రబడి మండుతుంది. అది మందు పనిచేస్తున్న గుర్తు, ఆ సంగతి ముందే చెప్పకపోతే భయపడి మానేస్తారు. పుండు పడితే మాత్రం కొన్ని రోజులు ఆపి మళ్లీ మొదలెట్టాలి. ఇది కాండం మీది గట్టి కాయలకంటే తడి చోటి కాయల్ని బాగా కరిగిస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఫలితం మెరుగ్గా ఉండటానికి ఇదొక కారణం. క్రీము ఉండగా కలిస్తే కండోమ్ రబ్బరు బలహీనపడుతుంది. ముందోలు ఉన్నవాళ్లు రోజూ దాన్ని వెనక్కి లాగి కడుక్కోవాలి, లేకపోతే వాచి బిగుసుకుంటుంది.

ఆసుపత్రిలో చేసేవాటిలో ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్, 80-90 శాతం, చవకైనది, చేతివాటం కావాల్సినది. నీళ్లలా పల్చన, ఇట్టే జారుతుంది. అందుకని చుట్టూ వాజిలిన్ రాసి, పంటిపుల్ల కొసతో ఒక్కో కాయకి చుక్కలో సగం పెట్టాలి. క్షణాల్లో కాయ మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అక్కడితో ఆపాలి. ఆరేదాకా లేవనివ్వకూడదు. పక్కకి జారితే వెంటనే సబ్బునీళ్లు, వంటసోడా. వారానికోసారి చేస్తారు. ఒంట్లోకి ఇంకదు కాబట్టి గర్భిణులకీ పనికొస్తుంది.

లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల చలి. కాయ తెల్లబడి, చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్ల అంచు వచ్చేదాకా గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్లీ గడ్డకట్టిస్తారు. రెండు రోజుల్లో బొబ్బ, పది రోజుల్లో పెచ్చు. వారానికో రెండు వారాలకో మళ్లీ. కాయలు మరీ ఎక్కువైనా, పెద్దవైనా మత్తు సూది ఇచ్చి కరెంటు కాటరీతోనో, కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తోనో, కత్తెరతోనో ఒక్క పూటలో తీసేస్తారు. కాల్చేటప్పుడు లేచే పొగలో వైరస్ కణాలుంటాయి. నర్సమ్మలు సాదా మాస్కుతో నిలబడొద్దు, ఎన్95 పెట్టుకోండి, పొగ లాగే యంత్రం నడవనివ్వండి.

ఏది చేసినా సుమారు మూడో వంతు మందికి కాయలు మళ్లీ లేస్తాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. తీసిన కాయ చుట్టూ, చూడ్డానికి బాగున్న చర్మంలో, వైరస్ కూర్చునే ఉంటుంది మరి. అసలు ఏమీ చెయ్యకపోయినా కొందరిలో కొన్ని నెలలకి వాటంతటవే పోతాయి. కాబట్టి చిన్నవి ఒకటి రెండు ఉంటే కొన్నాళ్లు చూద్దామనడం కూడా వైద్యమే. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ ఎంతుంది, పొగ తాగుతాడా, హెచ్‌ఐవీ ఉందా అన్నవి చూడాలి. ఇంకోటి, ఆ చోట గొరుగుడు మానమనండి. బ్లేడు నడిచిన గీత వెంట కొత్త కాయలు వరసగా లేస్తాయి. కత్తెరతో కత్తిరించుకుంటే చాలు.

గర్భం వచ్చాక కాయలు ఒక్కసారి గుత్తులుగా పెరుగుతాయి, కాన్పయ్యాక చాలావరకు తగ్గుతాయి. కాయలున్నాయని సిజేరియన్ అక్కర్లేదు. దారికి అడ్డం పడేంత ఉన్నా, నెత్తురు ఎక్కువగా పోయే ప్రమాదం ఉన్నా అప్పుడు ఆలోచిస్తారు. బిడ్డ గొంతులో కాయలు రావడం చాలా అరుదు.

ఇప్పుడు టీకా. మన తెలుగువాళ్లకి ఈ టీకా మీద ఉన్న అనుమానం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో పది, పద్నాలుగేళ్ల మధ్య ఆడపిల్లలకి దీన్ని ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు. తేలింది ఏమిటంటే, అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. నా ఉద్దేశంలో ఆ తప్పుని దాచిపెట్టి టీకా గురించి చెబితే ఎవరూ నమ్మరు. భద్రాచలం వైపు పనిచేసే ఆశా అక్కలు ముందు ఆ సంగతే ఒప్పుకుని, తర్వాత టీకా మాట ఎత్తాలి.

టీకాల్లో నంబర్లు చూడాలి. 16, 18 మాత్రమే ఉన్న టీకా క్యాన్సర్‌ని ఆపుతుంది, పులిపిరిని ఆపదు. 6, 11 కూడా ఉంటేనే పులిపిరికి రక్షణ. ఇంగ్లండులో 2008లో రెండు నంబర్ల టీకాతో మొదలెట్టి, 2012లో నాలుగు నంబర్లదానికి మారారు. ఆస్ట్రేలియా 2007లోనే నాలుగు నంబర్లదానితో ఆడపిల్లలకి మొదలెట్టింది. అక్కడి సుఖవ్యాధుల క్లినిక్‌లకి వచ్చిన 21 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 2007లో 11.5 శాతానికి కాయలుంటే, 2011కి 0.85 శాతానికి పడిపోయింది. మగపిల్లలకి అప్పటికి టీకా మొదలే కాలేదు, అయినా ఆడవాళ్లతో సంబంధమున్న ఆ వయసు మగవాళ్లలోనూ 12 నుంచి రెండు శాతానికి దిగింది. ఒకరికి వేసిన టీకా ఇంకొకరికి కాయ రాకుండా చేసిందన్నమాట.

మన దేశంలో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సెర్వావ్యాక్‌లో 6, 11, 16, 18 నాలుగూ ఉన్నాయి. 2022 జులైలో అనుమతి, 2023 జనవరిలో విడుదల. గార్డసిల్ 9లో ఇంకో అయిదు నంబర్లు కలిపి తొమ్మిది. డోసు 0.5 మిల్లీలీటర్లు, భుజం కండరంలోకి. 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, 15 నిండితే 0, 2, 6 నెలలకి మూడు. హెచ్‌ఐవీ ఉంటే ఏ వయసైనా మూడు. ఒక్క డోసు కూడా చాలవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. సూది వేశాక పిల్లల్ని 15 నిమిషాలు కూర్చోబెట్టండి, ఈ వయసువాళ్లు భయానికి తూలి పడిపోతుంటారు. షాపుల వాళ్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి. ఫ్రీజర్ గోడకి ఆనించి పెట్టి గడ్డకట్టిందంటే ఆ టీకా ఇక పారేయాల్సిందే.

కండోమ్ ముప్పుని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. గజ్జల్ని, అండకోశాన్ని అది కప్పదు కదా. అయినా వాడమనే చెప్పండి, ఎందుకంటే సిఫిలిస్, హెచ్‌ఐవీల దగ్గర దాని పని చాలా పెద్దది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: భర్తకి కాయలున్నాయి సార్, భార్యకి లేవు. ఆమెకీ మందు రాయాలా?

కాయ లేకపోతే పూయడానికి ఏమీ లేదమ్మా. ఒకసారి చూపించుకోమనండి, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించండి. కాయలు ఉన్నన్నాళ్లూ, మానుతున్నన్నాళ్లూ కలవకపోతే మంచిది. ఒకరికొకరు అదే వైరస్‌ని అటూ ఇటూ అందించుకుంటూనే ఉంటారన్న భయం మాత్రం అక్కర్లేదు.

ప్రశ్న: కాయలు వచ్చి తగ్గిపోయినవాళ్లకి టీకా దండగేనా?

దండగ కాదు. ఆ నంబరు వచ్చిపోయి ఉండొచ్చు, మిగతా మూడు రాకపోయి ఉండొచ్చు. 26 ఏళ్ల లోపు ఉంటే వేయించుకోమనండి. గర్భంతో ఉంటే కాన్పు అయ్యాక.

ప్రశ్న: చిన్నపిల్లలకి అక్కడ కాయలు కనబడితే?

చేతి పులిపిరి నుంచి వచ్చి ఉండొచ్చు, తల్లి నుంచి కాన్పులో వచ్చి ఉండొచ్చు, లైంగిక దాడి వల్లా అయి ఉండొచ్చు. మీరు తేల్చొద్దు, బిడ్డని తిప్పి తిప్పి ప్రశ్నలు వెయ్యొద్దు, ఇంట్లో ఎవర్నీ నిలదీయొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి చూపించండి. దాడి జరిగిందన్న అనుమానం ఉంటే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. అది డాక్టరు మీద ఎంతో మీ మీదా అంతే.